పాత రిజిస్టర్లో ఒక్క లైను వెతికిపెట్టిన దీదీకి

నిన్న పొద్దున చెన్నై నుంచి దిగాం. రెండు రాత్రులుగా నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి. అయినా ఇది ఇప్పుడే రాసేయాలి. రేపు రాద్దామనుకుంటే పాలవాడూ పశువులూ బ్యాంకూ అని ఏదో ఒకటి అడ్డం పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా ఆయన కేసు గెలిచామండి. 2010లో మిలిటరీ వాళ్ళు ఇచ్చిన డిస్మిస్ ఆర్డరును ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి కొట్టేసింది. జబ్బు చేసి సర్వీసులోంచి బయటికొచ్చినట్టుగా లెక్క వేయమంది. మెడికల్ బోర్డు పెట్టి పెన్షన్ తేల్చమంది. జడ్జిగారు చదివింది నాలుగైదు నిమిషాలు. ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. లాయరు గారు వెనక్కి తిరిగి నావైపు చూసి తలూపారు. అంతే, ఆ తర్వాత ఏం చదివారో వినలేదు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మాది తాడేపల్లిగూడెం పక్క పల్లె. మిలిటరీ మాధవరం మాకు ఎంతో దూరం కాదు. రెండో ప్రపంచ యుద్ధానికే వెయ్యిమందికి పైగా సైనికుల్ని పంపిన ఊరది. మా పల్లెలో కూడా ఇంటికొకరు కాకపోయినా వీధికి ముగ్గురు ఉంటారు. అలాంటి చోట 'పారిపోయొచ్చినోడి పెళ్ళాం' అనిపించుకోవడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వినిపించేది. మా అబ్బాయికి స్కూల్లో వినిపించేది.

ఆయన 1994లో చేరారు. సిగ్నల్స్‌లో ఆపరేటర్. 2006 నవంబరులో సెలవు మీద వచ్చేసరికే మనిషి మారిపోయి ఉన్నారు. రాత్రంతా మెలకువే. డ్యూటీలో ఉన్నప్పుడు వైర్‌లెస్ సెట్టు తన గురించి తెలుగులో మాట్లాడుతోందని చెప్పేవారు. అక్కడ తెలుగులో ఎవరు మాట్లాడతారండీ అని నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నాకు అన్నం దిగదు. ఒకరోజు మా మామయ్య గారి ట్రాన్సిస్టర్ తీసుకెళ్ళి పశువుల పాకలో పాతిపెట్టారు. అప్పటికైనా నాకు అర్థం కావాల్సింది. సెలవు అయిపోయాక విజయవాడ తీసుకెళ్ళి జమ్మూ రైలెక్కించాం. ఎక్కించింది మేమే.

యూనిట్‌కి చేరలేదు. సంక్రాంతి ముందు పోలీసులు కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, మీ వాడు వచ్చాడా అని అడిగినప్పుడు తెలిసింది మాకు. ఏప్రిల్‌లో తనంతట తనే వచ్చారు. స్టేషన్ నుంచి కాలినడకన, గడ్డంతో, కాళ్ళకు చెప్పుల్లేకుండా. మధ్యలో ఆ నాలుగు నెలలు ఎక్కడున్నారో ఆయనకూ తెలియదు.

తర్వాత అందరూ చేసేదే మేమూ చేశాం. తాయెత్తులు, దర్గా, ఒక భూతవైద్యుడు, అయినకాడికి అప్పులు. 2009లో విశాఖ తీసుకెళ్తే అక్కడ డాక్టరు గారు స్కిజోఫ్రెనియా అన్నారు. ఆ మాట పలకడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఈలోగా అవతల ఏం జరిగిందంటే, మనిషి ముప్పై రోజులు రాకపోతే విచారణ పెట్టి పరారీ అని రాసుకుంటారు. మూడేళ్ళు చూసి డిస్మిస్ చేస్తారు. డిస్మిస్ అంటే అంతకుముందు చేసిన పన్నెండేళ్ళ సర్వీసూ సున్నా. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఆయన వచ్చేశారు, ఒంట్లో బాగోలేదు అని మామయ్య గారు గూడెంలో ఇంగ్లీషులో టైపు కొట్టించి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపారు. జవాబు లేదు. మనిషికి ఏమైందో ఒక్కసారి కూడా ఎవరూ ఇంటికొచ్చి అడగలేదు. పట్టుకోవడానికి మాత్రం వచ్చారు. ఆ సెలవుకి వచ్చేముందు యూనిట్లో రెండుసార్లు నిద్ర పట్టట్లేదని ఎం.ఐ. రూమ్‌కి, అంటే యూనిట్ డాక్టరు చూసే గదికి వెళ్ళారట, మాత్రలిచ్చి పంపేశారు. డ్యూటీలో సెట్టు ఆపేసి బయట కూర్చున్నందుకు రెడ్ ఇంక్ ఎంట్రీ వేశారు, అంటే సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో శిక్ష రాశారు. కేసులో ఆ ఎంట్రీనే మళ్ళీ మాకు చూపించారు, ఈయన నడవడిక ముందు నుంచీ ఇంతే అని. జబ్బు లక్షణాన్ని తీసుకెళ్ళి నేరాల జాబితాలో రాశారు. సరే, ఆ కోపం పక్కన పెడతాను. ఇది థాంక్స్ చెప్పే పోస్టు.

చెన్నై లాయరు గారు మొదటి రోజే ఒక మాట అన్నారు. "అమ్మా, విశాఖ కాగితాలన్నీ 2009వి. మనిషి కనబడకుండా పోయింది 2006లో. అప్పుడే జబ్బుందని చూపించే కాగితం ఒక్కటైనా ఉందా?" అని. లేదు. సమాచార హక్కు కింద అడిగితే ఎం.ఐ. రూమ్ రిజిస్టర్లు గడువు తీరాక తీసేశామని జవాబొచ్చింది.

2021లో ఇంటికి సున్నం వేయిస్తూ ఆయన నల్లపెట్టె తుడుస్తుంటే, అడుగున పరిచిన పేపరు కింద ఒక చీటీ దొరికింది. చెయ్యంత ఉంది. హిందీ ముద్ర, సగం చెరిగిపోయింది, ఒక నంబరు. మా అత్తగారు అది ఏదో గుడి ప్రసాదం టిక్కెట్టనుకుని దాచారట. దాన్ని తీసుకెళ్ళి గూడెంలో తాకట్టు కొట్టు సేఠ్ గారికి చూపించాను. అది మధ్యప్రదేశ్‌లో ఒక జంక్షన్ ఊరి సర్కారు ఆసుపత్రి ఓపీ చీటీ అని ఆయనే చదివి చెప్పారు. ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఆ ఆసుపత్రికి మూడుసార్లు ఫోన్ చేశాం. అంత పాత రిజిస్టర్లు ఉండవన్నారు, పెట్టేశారు. నాలుగోసారి ఒక ఆడమనిషి ఎత్తారు. రికార్డు గదిలో గుమస్తా. సేఠ్ గారు హిందీలో చెబుతుంటే మధ్యలో ఆవిడ, "ఆ బహెన్‌జీకే ఫోన్ ఇవ్వండి" అన్నారట. నాకొచ్చిన హిందీ నాలుగు ముక్కలు, అవి కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవే. "మేరా ఆద్మీ భాగా నహీ, దీదీ. ఖో గయా థా" అన్నాను. పారిపోలేదు, తప్పిపోయారు అని. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, నాకు రెండు ఆదివారాలు టైమివ్వు అన్నారు.

ఆ గది గురించి తర్వాత చెప్పారు. వెనకవైపు, మార్చురీ పక్కన, పైకప్పు కారుతుందట. కట్టలన్నీ చెదలు. సెలవు రోజు పిల్లాణ్ణి వెంటబెట్టుకుని, ముక్కుకి చున్నీ కట్టుకుని, ఒక్కో కట్టా విప్పారు. అనుమతి అడిగితే ఇవ్వరని అడగకుండానే వెళ్ళారు. అందుకే ఊరు రాయనన్నాను. మొదటి ఆదివారం ఏమీ దొరకలేదు. రెండో ఆదివారం సాయంత్రం నా ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. పసుపుపచ్చగా మాగిన కాగితం, నీలం ఇంకు. నాకు హిందీ చదవడం రాదు. పరుగున సేఠ్ గారింటికి వెళ్ళాను. ఆయన భోజనం చేస్తున్నారు, ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని పైకి చదివారు.

2006 డిసెంబరు 19. పేరు తెలియని మగమనిషి. వయసు సుమారు 30. ఫౌజీ ప్యాంటు. ప్లాట్‌ఫారం మీద దొరికాడు. తనలో తను మాట్లాడుకుంటున్నాడు, భాష అర్థం కాలేదు. ఎడమ చేతి మీద పచ్చబొట్టు, దక్షిణాది లిపి. నిద్ర లేదు, అన్నం ముట్టడం లేదు. మానసిక వైద్యానికి పంపాలి. తొమ్మిదో రోజు ఎదురుగా, వార్డులో కనబడలేదు అని. ఓపీ నంబరు మా చీటీ మీదున్నదే.

అంతవరకూ నేను బాగానే నిలబడ్డాను. చివర, గడి బయట, వేరే చేతిరాతతో రెండు మాటలున్నాయి. సేఠ్ గారు కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. "కంబల్ దియా."

కంబళి ఇచ్చాం అని.

అక్కడే వాళ్ళ గుమ్మంలో కూలబడిపోయాను. వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాను. ఇన్నేళ్ళూ ఎంత చలిలో పడున్నాడో అని ప్రతి డిసెంబరులోనూ నాకు నిద్ర పట్టేది కాదు. మేం దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం ఆ చలికాలమంతా. ఆయనకెవరో ఇచ్చారు. ఇచ్చి, దాన్ని రాసి పెట్టారు కూడా.

ఫోటో కోర్టులో పనికిరాదు, ధ్రువీకరించిన నకలు కావాలి. దానికి దీదీ పై అధికారి సంతకం కోసం ఎన్నిసార్లు తిరిగారో నాకు చెప్పలేదు. స్పీడ్ పోస్టు ఖర్చు కూడా ఆవిడదే. డబ్బు పంపుతానంటే కోప్పడ్డారు. మా ఆత్రేయపురం పూతరేకులు పంపాను. దారిలో పొడి పొడి అయిపోయాయట. పాలల్లో వేసుకుని తిన్నాం, చాలా బాగున్నాయి అన్నారు. ఆవిణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నిన్న ఆర్డరు సంగతి చెబితే ఆవిడ మొదటి ప్రశ్న కేసు గురించి కాదు. "భాయీసాబ్ ఇప్పుడు నిద్రపోతున్నారా?" అని. పోతున్నారు దీదీ, ఇదిగో ఇప్పుడు కూడా పక్క గదిలో గురక పెడుతున్నారు.

ఇంట్లోవాళ్ళ సంగతి. మా మరిది, ఆడపడుచు, మా అమ్మ, పిల్లలు. వీళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు. లాయరు గారికి ఫీజిచ్చాం, దానికి మించి చేశారు. ఆర్నెల్లలోపు వేయాల్సిన కేసును పన్నెండేళ్ళ తర్వాత వేస్తూ, ఆలస్యాన్ని మన్నించమని ఆయన రాసిన అర్జీయే ఒక పుస్తకమంత ఉంది. ధరమ్‌వీర్ సింగ్ కేసని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును పట్టుకున్నారు. చేర్చుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని మీరే రాసుకున్నారు, తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసు కారణం కాదంటే అది మీరే రుజువు చేయాలి అని అందులో ఉందట. అది పెన్షన్ గురించిన తీర్పు. మావంటి డిస్మిస్ కేసులో ముందు ఆ 'పరారీ' మాట చెరిగితే కదా ఇది పనికొచ్చేది. చెరిపింది దీదీ కాగితం.

ఒకటి మాత్రం అడగకుండా ఉండలేను. మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ సైన్యంలోంచి చెడ్డపేరుతో పంపేసినవాళ్ళు దాన్ని మార్చమని పెట్టుకోవడానికి ఒక ఫారమే ఉందని చెప్పాడు. పదిహేనేళ్ళ లోపు పెట్టుకోవచ్చట. 2014లో వాళ్ళ రక్షణ మంత్రి చక్ హేగెల్, యుద్ధం వల్ల మనసు దెబ్బతిన్నవాళ్ళ అర్జీల్ని ఉదారంగా చూడమని బోర్డులకు రాతపూర్వకంగా చెప్పారట, 2017లో వాళ్ళ రక్షణ శాఖ మిగతా మానసిక జబ్బులకూ అది వర్తిస్తుందని స్పష్టం చేసిందట. అక్కడా అందరికీ దొరకదులే అత్తా అన్నాడు వాడే. దొరక్కపోయినా అడగడానికొక కిటికీ ఉంది. ఇక్కడ నేను కిటికీ ఎక్కడుందో వెతుక్కోవడానికే పదేళ్ళు తిరిగాను. వెళ్ళిన ఒక ఆఫీసులో "పిచ్చోళ్ళకి పెన్షనేంటమ్మా" అన్నారు. బకాయిలు కూడా కేసు వేయడానికి ముందు మూడేళ్ళవే వస్తాయి, మిగతావి గోదాట్లో కలిసినట్టే. పైవాళ్ళు ఇంకా సుప్రీంకోర్టుకు వెళ్తారేమో అన్న టెన్షన్ ఒకటి ఉండనే ఉంది.

సేఠ్ గారి గురించి పైన చెప్పాను కానీ థాంక్స్ చెప్పలేదు. సేఠ్ గారూ, నా గాజులు మీ దగ్గరే ఉన్నా సరే, మీకు నా దండం. విశాఖ డాక్టరు గారికి, 2009 నుంచీ ప్రతి మందుల చీటీకీ తేదీ వేసి ఫైలు కట్టించిన నర్సమ్మకి. మా ఇంటికొచ్చి, మా ఆయన నిద్రలేమి సంగతి, సెట్టు సంగతి తను చూసింది చూసినట్టు అఫిడవిట్ ఇచ్చిన పాత యూనిట్ హవల్దారు గారికి. అయ్యో, మా ఊరి ఆర్‌ఎంపీ గారిని మర్చిపోయాను! భూతవైద్యుణ్ణి మాన్పించి విశాఖ వెళ్ళమన్నది ఆయనే.

వచ్చేటప్పుడు రైల్లో మా ఆయన్ని అడిగాను, ఆ కంబళి మీకేమైనా గుర్తుందా అని. చాలాసేపు కిటికీలోంచి చూశారు. వినలేదేమో అనుకున్నాను. గూడూరు దాటాక అన్నారు, "నల్లది. కురచ. కాళ్ళు బయటికొచ్చేవి" అని.

ఆ రెండు మాటలు ఎవరు రాశారో దీదీకీ తెలియదు. ఆ రోజుల్లో వార్డులో పనిచేసినవాళ్ళు రిటైరైపోయారట. కనుక్కుంటానన్నారు.

చెన్నైలో కోర్టు దగ్గర టీ కొట్టాయన, మా ఆయన వణుకుతుంటే కుర్చీ తెచ్చి వేసి డబ్బులు తీసుకోలేదు. ఆయనకీ. గూడెం జెరాక్స్ షాపు తమ్ముడూ, నీకు 140 బాకీ, సోమవారం ఇస్తాను.