తడబడినా ఫరవాలేదు

అయ్యా,

టీవీ హాస్యంపై మీ వ్యాసంలో అమెరికాలో ప్రత్యక్ష ప్రసారమయ్యే హాస్య కార్యక్రమం ‘సాటర్డే నైట్ లైవ్’ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 1975 అక్టోబరు 11న ఎన్‌బీసీ ఛానల్లో వచ్చిన దాని తొలి ఎపిసోడ్‌ను నేను ఈమధ్యే చూశాను. అతిథి వ్యాఖ్యాతగా వచ్చిన హాస్యనటుడు జార్జ్ కార్లిన్ ఒక్క స్కెచ్‌లోనూ (చిన్న హాస్య నాటికలోనూ) నటించలేదు. మధ్యమధ్య వచ్చి మాట్లాడి వెళ్లారు. మరో హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్ అయితే రికార్డు ప్లేయర్ పక్కన బిక్కమొహంతో నిలబడి, కార్టూను పాటలో వీరుడి వంతు వచ్చినప్పుడు మాత్రం పెదవులు కదిపారు. మిగతా సేపంతా ఊరకే నిలబడటమే! నాకు నవ్వాగలేదు. కొన్ని స్కెచ్‌లు చప్పగా ఉన్నాయి, అది వేరే సంగతి.

రాత్రి 11.30కు మొదలయ్యే ఈ కార్యక్రమానికి ముందు, వేరే ప్రేక్షకుల ఎదుట పూర్తి రిహార్సల్ వేస్తారు. నవ్వు రాని స్కెచ్‌కు అక్కడే కత్తెర. మారిన సంభాషణలను అట్టల మీద చేత్తో రాసి కెమెరా పక్కన పట్టుకుంటారు. మన దగ్గర జోకు పూర్తికాకముందే నవ్వుల శబ్దం అతికిస్తున్నారు. నెలకొక్కసారైనా స్కిట్లను ప్రత్యక్ష ప్రసారంలో వేయించమని మన ఛానళ్లకు చెప్పండి. మాట తడబడితే తడబడనివ్వండి, మేము చూస్తాం.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం