కొండ కడుపులో కోట: చంద్రానికి ఉత్తరం

జ్యూరిక్,
సెప్టెంబరు, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ చంద్రం,

పోయిన వారం ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "యుద్ధాలకు దూరంగా ఉండే స్విట్జర్లాండ్‌కు కోటలెందుకురా?" అన్నావు. ఫోనులో చెబితే మధ్యలో పది అడ్డుప్రశ్నలు వేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. కొండవీటి చేంతాడంత అవుతుంది, ముందే చెబుతున్నాను. కాఫీ కలుపుకుని కూర్చో. అన్నట్టు అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లు ఎక్కనివ్వకు.

ముందు మా ఇంటి సంగతి. మేం అద్దెకుంటున్న భవనం కింద నేలమాళిగలో మా సామాన్ల గది ఉంది. దాని తలుపు జానెడు మందం కాంక్రీటు పలక, దానికి రెండు పెద్ద ఇనుప పిడులు. మొదటి రోజు చూసి ఏదో బ్యాంకు ఖజానా అనుకున్నాను. తీరా అది బాంబులు పడితే దాక్కోవడానికి కట్టిన ఆశ్రయం. 1963లో చేసిన చట్టం వల్ల ఇక్కడ నివసించే ప్రతి మనిషికీ ఎక్కడో ఒకచోట అలాంటి చోటు ఉండాలి. దేశం మొత్తం మీద ఇలాంటివి 3,70,000 దాకా ఉన్నాయట. మేం అందులో సోనామసూరి బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, పిల్లవాడి పాత సైకిలు పెట్టుకున్నాం. అణుయుద్ధం వస్తే మా వాటాలవాళ్లందరికీ పులిహోరకు లోటుండదు.

ఈ తలుపు గురించి ఆఫీసులో నవ్వుతూ చెబితే, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక పెద్దాయన నవ్వలేదు. "ఆల్ప్స్ కొండల మీది గోట్‌హార్డ్ కనుమకు వెళ్లి చూసి రా, నీకు అర్థమవుతుంది" అన్నాడు. పోయిన శనివారం వెళ్లాను. డబ్బాలో పులిహోర కట్టించుకునే వెళ్లాను, నీకు తెలుసు కదా నా సంగతి.

రైలు పాత దారిలో కొండ ఎక్కుతుంటే వాసెన్ అనే ఊరి చర్చి మూడుసార్లు కనిపిస్తుంది. మొదట పైన, తర్వాత పక్కన, ఆఖరికి కాళ్ల కింద. రైలు కొండ లోపల మెలికలు తిరుగుతూ ఎత్తు సంపాదిస్తుందన్నమాట. గోషెనెన్‌లో దిగి, పళ్ల చక్రాల చిన్న రైలెక్కి ఆండర్‌మాట్‌కు, అక్కడి నుంచి పసుపుపచ్చ పోస్టు బస్సులో కనుమ మీదికి. ఎత్తు 2,106 మీటర్లు. బస్సు ఎక్కేటప్పుడు ఊళ్ల పేర్లు జర్మన్, శిఖరం దాటాక ఇటాలియన్. ఈ కొండల గుంపులోనే రైన్, రోన్, రోయిస్, టిచీనో నదులు పుట్టి నాలుగు దిక్కులకూ పోతాయి. ఐరోపాకు ఇంటి కప్పులాంటి చోటు.

దారిలో షోలెనెన్ లోయలో సైతాను వంతెన ఉంది. కథ నీకు నచ్చుతుంది. ఆ లోయ మీద వంతెన కట్టలేక ఊరివాళ్లు విసిగిపోతే సైతాను వచ్చి, దాటే మొదటి ప్రాణి నాది అని ఒప్పందం చేసుకుని కట్టిపెట్టాడట. ఊరివాళ్లు మేకపోతును తోలారు. సైతానుకు ఒళ్లుమండి వంతెనను కూల్చడానికి బండరాయి ఎత్తుకొచ్చాడు గాని, దారిలో ఒక ముసలమ్మ దాని మీద శిలువ గుర్తు గీసేసింది. ఆ రాయి ఇప్పటికీ గోషెనెన్ దగ్గర ఉంది. 1970లలో రహదారికి అడ్డొస్తే అంత పెద్ద రాయిని పగలగొట్టకుండా 127 మీటర్లు పక్కకు జరిపారు. మన దగ్గరైతే ఈపాటికి దానికి పసుపు కుంకుమలు పడి ఉండేవి.

నిజం యుద్ధం కూడా అక్కడే జరిగింది. 1799 సెప్టెంబరులో రష్యా సేనాని సువొరోవ్ ఇటలీ వైపు నుంచి ఈ కనుమ ఎక్కి, ఆ వంతెన దగ్గర ఫ్రెంచి సైన్యంతో పోరాడి దాటాడు. కొండరాతిలో చెక్కిన పెద్ద శిలువ ఒకటి అక్కడ పోయిన రష్యా సైనికుల జ్ఞాపకంగా ఉంది. కాబట్టి నీ ప్రశ్నలోనే చిన్న తప్పుంది. వీళ్లు యుద్ధం వద్దనుకున్నా, వీళ్ల దారి అందరికీ కావాలి.

అయినా కొన్ని వందల ఏళ్లు కనుమకు కాపలా కాసింది మంచు ఒక్కటే. సగం ఏడాది దారి మూసుకుపోయేది. 1882లో కొండ కింద 15 కిలోమీటర్ల రైలు సొరంగం తెరిచారు. పొలం గట్టుకు వీళ్లే గండి కొట్టుకున్నట్టయింది. అదే ఏడాది ఇటలీ వెళ్లి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీలతో కూటమి కట్టింది. ఇంకేముంది, నాలుగైదేళ్లు తిరిగేసరికి సొరంగం దక్షిణపు నోటి దగ్గర, ఐరోలోలో, రాతికోట పని మొదలైంది. ఆ తర్వాత కనుమ పైనా ఆండర్‌మాట్ చుట్టూరా ఒకటి తర్వాత ఒకటి వెలిశాయి.

ఇక అసలు కథ 1940ది. జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయింది. స్విట్జర్లాండ్‌కు నాలుగు వైపులా హిట్లరో ముసోలినీయో, వాళ్ల మనుషులో. జర్మన్ సేనాధిపతులు దాడికి పథకాలు గీస్తూనే ఉన్నారు. అప్పుడు ఇక్కడి సేనాని హెన్రీ గీజాన్ జూలై 25న తన కింది పెద్ద అధికారులందరినీ స్టీమరెక్కించి, లూసర్న్ సరస్సు ఒడ్డున రూట్లి అనే పచ్చికబయలుకు తీసుకెళ్లాడు. ఈ దేశం పుట్టిందని వీళ్లు చెప్పుకునే చోటది. అక్కడ గడ్డి మీద నిలబెట్టి చెప్పిన సంగతి ఏమిటంటే, సరిహద్దు అంతా కాపాడలేం, సైన్యంలో ఎక్కువ భాగాన్ని ఆల్ప్స్ కొండల్లోకి లాగేద్దాం, కనుమలను వదలవద్దు అని. తూర్పున సార్గాన్స్, నడుమ గోట్‌హార్డ్, పడమర సాన్ మొరీస్. ఈ మూడు గుంజల మీద మొత్తం పందిరి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. జనం ఎక్కడుంటారు? జ్యూరిక్, బెర్న్, బాసెల్, ఫ్యాక్టరీలు, పొలాలు, అన్నీ మైదానంలోనే. అంటే సైనికుడు కొండలో ఫిరంగి పక్కన భద్రంగా ఉంటాడు, పెళ్లాం పిల్లలు కింద శత్రువు దారిలో ఉంటారు. మా ఆఫీసు పెద్దాయన తండ్రి అలాంటి సైనికుడే. ఇల్లు జ్యూరిక్‌లో, డ్యూటీ కొండలో. సెలవుకు వచ్చినప్పుడు ఎక్కడున్నావని ఇంట్లో ఎవరూ అడగకూడదు, ఆయన చెప్పకూడదు. చివరిదాకా చెప్పలేదట. కొడుకు మ్యూజియం టికెట్టు కొనుక్కుని వెళ్లి తండ్రి పడుకున్నలాంటి మంచాలు చూసొచ్చాడు. నన్ను ఎందుకు పంపాడో నాకు అప్పుడు తెలిసింది.

నేను చూసొచ్చిన ఆ కోట పేరు సాస్సో డా పిన్యా. కనుమ పైన సత్రం, రెండు మూడు చెరువులు, సాసేజీలు అమ్మే బండి, మోటారు సైకిళ్ల గుంపు. కోట ఎక్కడా కనిపించదు. కొండ పక్కన ఒక తలుపు, అంతే. లోపలికి వెళితే చలి ఎముకల్లోకి దిగుతుంది. తడి రాయి వాసన. సొరంగం పోతూనే ఉంటుంది. దాని చివర ఏటవాలుగా పైకి లాగే ఒక బండి ఉంది, పళని కొండమీది వించి లాంటిదే అనుకో, కాకపోతే చుట్టూ రాయి. పైకి చేరితే సైనికుల అంతస్తుల మంచాలు, వంటిల్లు, ఆసుపత్రి గది, మందుగుండు అరలు, ఆపైన 15 సెంటీమీటర్ల ఫిరంగులు నాలుగు. యుద్ధం నడుస్తుండగా 1941లో తవ్వడం మొదలుపెట్టారు. కొన్ని వందల మంది నెలల తరబడి బయటి ప్రపంచంతో పని లేకుండా బతికేలా కట్టారు. దక్షిణం నుంచి వచ్చే శత్రువు కోసం గురిపెట్టిన ఆ ఫిరంగులు నిజం శత్రువు మీద ఒక్కసారీ పేలలేదు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు రహస్యంగానే ఉంచారు. 2012లో మ్యూజియంగా తెరిచారు. ఇప్పుడు లోపల ఒక గదిలో దగ్గరి కొండల్లో దొరికిన పెద్ద పెద్ద స్ఫటికాలు పెట్టారు. చంటిపిల్లంత స్ఫటికం, గాజుకంటే తేటగా, చీకట్లో దీపం పెడితే... ఫిరంగుల కంటే వాటి ముందే ఎక్కువసేపు నిలబడ్డానని ఒప్పుకుంటున్నాను.

ఆ తలుపు దగ్గర నిలబడి మనం ఇంటర్ చదివేటప్పుడు క్లాసు ఎగ్గొట్టి కొండవీడు ఎక్కిన రోజు గుర్తు చేసుకున్నాను. రెడ్డిరాజుల కోట కనిపించడానికే కట్టింది. గోడ ఎక్కడిదాకా ఉందో కింద నుంచే చూసి శత్రువు గుండె జారాలి. ఇది పూర్తిగా తిరగేసిన కోట. కనిపిస్తే ఓడిపోయినట్టే. ఈ కనపడకపోవడంలో వీళ్లు ఎంత దూరం వెళ్లారంటే, నవ్వాలో మెచ్చుకోవాలో తెలియదు. ఫిరంగి రంధ్రం మీద రంగులేసిన నకిలీ రాయి. గడ్డివాములా కనిపించే కాంక్రీటు దిమ్మ. జెనీవా సరస్సు దగ్గర గ్లాన్ అనే ఊళ్లో గులాబిరంగు బంగళా ఒకటుంది, కిటికీలు, తెరలు అన్నీ గోడ మీద వేసిన బొమ్మలే, లోపల తుపాకులు. దాని చుట్టుపక్కల ట్యాంకులను ఆపడానికి ముక్కోణపు కాంక్రీటు దిమ్మలు వరసగా నాటారు. అచ్చం టోబ్లరోన్ చాక్లెట్టులా ఉంటాయి కాబట్టి జనం ఆ వరసను టోబ్లరోన్ అనే పిలుస్తారు. ఇప్పుడు దాని వెంబడి నడకదారి వేశారు, ఆదివారాలు పిల్లలతో షికారు.

వంతెనల సంగతి చెప్పలేదు కదా. సరిహద్దు వంతెనల్లో, సొరంగాల్లో మందుగుండు ముందే కూరి పెట్టేవారు. శత్రువు వస్తే మీట నొక్కడమే. ఆ ఏర్పాటును పూర్తిగా తీసేసింది మొన్నమొన్న, 2014లో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కారులో దాటిన వంతెనల కింద ఏముండేదో అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

మరి హిట్లరు ఎందుకు రాలేదు? ఇక్కడి పాతతరం వాళ్లను అడిగితే, కొండలు చూసి భయపడ్డాడు అంటారు. అంత సులువుగా తేలే లెక్క కాదు. జర్మనీ బొగ్గులో చాలా భాగం ఇటలీకి ఈ గోట్‌హార్డ్ సొరంగం గుండా వెళ్లేది. దాడి చేస్తే సొరంగం పేల్చేస్తారని బెర్లిన్‌కు తెలుసు. దాడి చేయకుండానే రైళ్లు నడుస్తుంటే సొరంగాన్ని ఎందుకు పోగొట్టుకుంటాడు? అంతేకాదు, నాజీలు దోచుకున్న బంగారాన్ని ఇక్కడి బ్యాంకులు కొన్నాయి, యూదు శరణార్థులను సరిహద్దు దగ్గర వెనక్కు తిప్పారు. 1996లో ప్రభుత్వమే చరిత్రకారుల సంఘం ఒకటి వేసి ఇవన్నీ తవ్వించింది. 2002లో నివేదిక వచ్చినప్పుడు ముసలివాళ్లు చాలామంది మా త్యాగాన్ని అవమానించారని మండిపడ్డారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. కొండలో చలికి వణికిన సైనికుడి భయం నిజం, కింద జరిగిన వ్యాపారమూ నిజం.

నన్ను ఎక్కువ కలచివేసింది ఇంకో సంగతి. ఈ కోటల వల్ల చచ్చింది శత్రువు కాదు, ఇంటివాళ్లే. 1946 మేలో సాన్ మొరీస్ పైనున్న దయీ కోటలో మందుగుండు అరలు పేలి పదిమంది పనివాళ్లు పోయారు. మరుసటి ఏడాది డిసెంబరు 19 రాత్రి, బెర్న్ కొండల్లో మిట్‌హోల్జ్ అనే చిన్న ఊరి పక్కన కొండలో దాచిన 7,000 టన్నుల్లో దాదాపు 3,000 టన్నులు పేలాయి. తొమ్మిదిమంది చనిపోయారు, రైల్వే స్టేషను నేలమట్టం, ఇళ్లు గులకరాళ్లయ్యాయి. ఊరు మళ్లీ కట్టుకున్నారు, డెబ్బై ఏళ్లు బతికారు. 2018లో ప్రభుత్వం వచ్చి, లోపల మిగిలిన మందుగుండు మేం అనుకున్నదానికంటే ప్రమాదకరం అంది. ఇప్పుడు దాన్నంతా తీయడానికి 259 కోట్ల ఫ్రాంకుల ఖర్చుకు 2023లో పార్లమెంటు ఒప్పుకుంది. 2030 ప్రాంతం నుంచి ఊరంతా పదేళ్లకు పైగా ఖాళీ చేయాలట. తాతలు కట్టిన ఇల్లు వదిలి పోయేవాడు తిరిగి వచ్చేసరికి వాడే తాత అవుతాడు.

1990ల తర్వాత సైన్యానికి ఈ కోటల బరువు మోయడం అనవసరమనిపించి చాలావాటిని వదిలేసింది. కొన్ని మ్యూజియాలు, ఒకటి రెండు హోటళ్లు, కొన్నింట్లో జున్ను మగ్గుతోంది, కొన్నింట్లో కంప్యూటర్ సర్వర్లు. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మాత్రం, ఉన్నవి అమ్మేయడం తప్పేమో అని సైన్యం మళ్లీ ఆలోచనలో పడింది.

మన సినిమా పాటల్లో హీరోయిన్ చీరకొంగు ఎగరేసిన పచ్చిక గుర్తుందా? ఈసారి ఆ పాటలు చూసినప్పుడు వెనకాల గడ్డివాములను కాస్త అనుమానంగా చూడు.

వచ్చే వేసవికి వస్తానన్నావు కదా, మాట తప్పకు. చలికాలంలో కనుమ దారి మూసేస్తారు, కాబట్టి జూలైలోనో ఆగస్టులోనో రా. ఊలు స్వెటరు తెచ్చుకో, బయట ఎండ కాస్తున్నా కొండ లోపల చలే. మా పెద్దాయనను కూడా రమ్మంటాను. మొన్న నా పులిహోర సగం ఆయనే తిన్నాడు, చింతపండు అంటే ఏమిటో చెప్పడానికి అరగంట పట్టింది. వచ్చేటప్పుడు ఒక కిలో తీసుకురా, నేలమాళిగలో బియ్యం పక్కన ఇంకా చోటుంది.

నీ
రఘు

అన్నట్టు, కొండవీటి మెట్ల దగ్గర మనం తీయించుకున్న ఫోటో నీ దగ్గరుంటే పంపు. నా దగ్గరున్నది వానకు తడిసి పోయింది.