బడి ఆటోలు నడిపే మా వివరాలూ పోలీసులు చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను హనుమకొండలో స్కూల్ ఆటో నడుపుతాను. పొద్దున సుబేదారి, నయీంనగర్ గల్లీల్లో పిల్లలను ఎక్కించుకుని బడిలో దింపి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేరుస్తాను. నర్సరీ పిల్లల నుంచి ఏడో తరగతి ఆడపిల్లల దాకా నా బండిలో వస్తారు. కొత్తగా ఆటో మాట్లాడుకునే తల్లిదండ్రులు అడిగేవి మూడే: నెలకు ఎంత, ఎన్ని గంటలకు వస్తావు, ఎంతమందిని ఎక్కిస్తావు. నా మీద ఏమైనా కేసులున్నాయా అని ఒక్కరూ అడగలేదు. బడివాళ్లూ అడగలేదు. అడగాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల పాపపై జరిగిన అఘాయిత్యం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ పని చేసినవాడు ప్రిన్సిపల్ కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఆ వార్త వచ్చినప్పుడు మా అడ్డాలో అందరి నోటా అదే మాట. నా బండిలో వచ్చే ఒక పాపను వాళ్ల అమ్మ కొన్నాళ్లు తానే స్కూటీ మీద దింపుకుంది. నాకు కోపం రాలేదు. ఆ తల్లి భయానికి సమాధానంగా చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు కదా!

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020లో కేంద్రం తెచ్చిన నియమాల్లో ఈ సంగతి ఉంది. బడులైనా, క్రెష్‌లైనా, ఆటల అకాడమీలైనా పిల్లలతో మసిలే తమ సిబ్బంది ప్రతి ఒక్కరి గురించి, పర్మినెంటువారైనా కాంట్రాక్టువారైనా, ఎప్పటికప్పుడు పోలీసు విచారణ చేయించాలి. మంచి నియమం. కానీ అది ఆ సంస్థలో పనిచేసేవారికే. నాకు డబ్బులిచ్చేది తల్లిదండ్రులు. బడి రికార్డుల్లో నా పేరే ఉండదు. బడి బస్సు డ్రైవరు ఆ లెక్కలోకి వస్తాడు, గేటు బయట ఆగే నేను రాను. ఎంతమంది పిల్లలు ఆటోల్లో వస్తున్నారో తెలియాలంటే అధికారులు బడి విడిచే వేళకు ఏ గేటు ముందైనా కాసేపు నిలబడి చూడాలి.

తల్లిదండ్రులు సొంతంగా తెలుసుకుందామన్నా దారి లేదు. లైంగిక నేరస్థుల వివరాలతో కేంద్ర హోంశాఖ 2018లో జాతీయ డేటాబేస్ పెట్టింది, దాన్ని పోలీసులే చూడగలరు. అందరికీ తెరిచి పెట్టమని నేను అనడం లేదు. చూడగలిగినవాళ్లు మా కోసం ఒకసారి చూడాలి, అంతే. కేసులు లేవని పోలీసులిచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ మేమే తెచ్చుకోవచ్చు గదా అంటారు. దరఖాస్తుకు, స్టేషనుకు తిరిగితే ఆ పూట గిరాకీ పోతుంది, ఫీజు అదనం. పైగా ఎవరూ అడగని కాగితం కోసం ఎవరు తిరుగుతారు?

బడి బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోగా రవాణా శాఖవాళ్లు బ్రేకులు, అత్యవసర ద్వారం, మంటలార్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా అన్నీ చూస్తారు. అదే రోజుల్లో పోలీసులు కూడా ఒక టేబుల్ వేసుకుని కూర్చుంటే బస్సు డ్రైవర్లు, ఆయాలు, క్లీనర్లతో పాటు మా ఆటోవాళ్ల వివరాలూ ఉచితంగా తీసుకోవచ్చు. ఏ బడికి ఏ ఆటోలు వస్తాయో ఆ బడివాళ్లే జాబితా రాసివ్వాలి.

ఈ మాట అడ్డాలో ఎత్తితే కొందరు అన్నలు గట్టిగానే కాదన్నారు. వాళ్ల భయమూ ఉత్తది కాదు. మాలో తెలంగాణ ఉద్యమంలో రైల్‌రోకోలు, ధర్నాలు చేసి కేసులు మోసినవాళ్లున్నారు. ఇంటి తగాదాల్లో, పొలం గట్టు గొడవల్లో పేరెక్కినవాళ్లున్నారు. ట్రాఫిక్ చలాన్లు లేని ఆటోవాడు అసలుంటాడా? "కేసు ఉంది" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టే. చూడాల్సింది పిల్లల మీద, ఆడవాళ్ల మీద చేసిన నేరాలు, కిడ్నాప్, హత్య, గంజాయి లాంటివి. తాగి బండి నడిపి పట్టుబడ్డవాడికి పిల్లల బండి ఇవ్వకూడదని మాత్రం నేను గట్టిగా అంటాను. ఏ నేరాలు లెక్కలోకి వస్తాయో ముందే రాసి గోడకు అంటించాలి. విచారణలో పనికిరారని తేల్చినవారికి కారణం చెప్పాలి, పై అధికారికి చెప్పుకునే వీలుండాలి.

ఇంకో సంగతి బయటివాళ్లకు తట్టదు. నాకు జ్వరం వస్తే ఆ రోజు మరొకరు నా బండి తీస్తారు, బామ్మర్దో, అడ్డాలో దోస్తో. ఆ మనిషి ఎవరో పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. కాబట్టి విచారణ బండి ఓనరుతో ఆగిపోకూడదు. బదులుగా వచ్చే మనిషి పేరు కూడా ముందే రాయించుకోవాలి, అలా పేరు రాయించుకోనివాడు తెచ్చిన బండిలోకి బడివాళ్లు పిల్లలను ఎక్కించకూడదు.

విచారణలో సరేనని తేలినవారికి ఒక కార్డు ఇవ్వాలి. దాని మీద ఫొటో, నంబరు, గడువు తేదీ ఉండాలి. డ్రైవరు సీటు వెనక పిల్లలకు కనబడేలా దాన్ని తగిలించాలి. ఆ నంబరు తల్లిదండ్రులు ఫోనులో కొడితే కార్డు చెల్లుతుందో లేదో తెలియాలి. ఏటా మే నెలలో మళ్లీ చూడాలి. వరంగల్ పోలీసు కమిషనర్ గారు, రవాణా, విద్యా శాఖల అధికారులు వచ్చే వేసవికే దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

- ఒక స్కూల్ ఆటో డ్రైవరు, హనుమకొండ