మన చెరువుల్లో నత్రజని ఎక్కడిదో తేల్చండి: పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్ చెరువుల నీటి నివేదికల్లో నైట్రేటు, అంటే నీళ్లలో కరిగి ఉండే ఒక నత్రజని రూపం, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఒక అంకె ఉంటుంది. 45 దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని భారతీయ ప్రమాణం చెబుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ నైట్రేటు నాలాలో వచ్చిన ఇళ్ల మురుగుదా, ఎగువ పొలాల్లో చల్లిన యూరియాదా, సెప్టిక్ ట్యాంకుల నుంచి నేలలోకి ఇంకి ఊటగా వచ్చినదా అన్నది ఆ అంకె చెప్పలేదు. అది తెలియకుండా నాలా మళ్లించాలో, శుద్ధి కేంద్రం కట్టాలో ఎలా తేలుస్తారు? మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే దానిలోని మురుగంతా కింది చెరువు మీద పడుతుంది.

జవాబు ఆ నీళ్లలోనే ఉంది. గాలిలోని నత్రజనిలో (నైట్రోజన్‌లో) 0.366 శాతం నైట్రోజన్-15 అనే ఐసోటోపు, అంటే అదే మూలకానికి చెందిన బరువైన పరమాణువు. దాన్ని సున్నాగా పెట్టుకుని, నమూనాలో ఎంత ఎక్కువో తక్కువో వెయ్యికి ఇంత అని లెక్కిస్తారు. యూరియాలోని నత్రజని గాలి నుంచి తీసిందే కాబట్టి దాని విలువ సున్నా చుట్టూ, సుమారు మైనస్ 4 నుంచి ప్లస్ 4 మధ్య ఉంటుంది. మలమూత్రాల నుంచి అమ్మోనియా ఆవిరయ్యేటప్పుడు తేలికైనది ముందు పోయి బరువైనది మిగులుతుంది. అందుకే మురుగు, పశువుల పెంట నుంచి పుట్టిన నైట్రేటు తరచు ప్లస్ 10 నుంచి 20 మధ్య పలుకుతుంది.

చెరువుల పునరుద్ధరణ ప్రాజెక్టు నివేదికలకు ఈ పరీక్షను తప్పనిసరి చేయాలని మా విన్నపం. ఎలా చేయాలో కూడా టెండరులోనే రాయించండి, ఎందుకంటే ఇది తేలిగ్గా చెడిపోయే పని.

చెడేది ముందుగా కట్ట మీదే. మురుగు నీళ్లను వడకట్టకుండా సీసాలో పోసి జీపులో పెడితే, సాయంత్రానికల్లా సీసాలోని బ్యాక్టీరియా నైట్రేటును తినేసి విలువను మార్చేస్తుంది. నీళ్లు తీసిన చోటే 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, ఐసు పెట్టెలో తెచ్చి, ఆ రోజే మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించాలి. గడ్డకడితే నీళ్లు ఉబ్బుతాయి కాబట్టి సీసా ముప్పాతిక దాకానే నింపాలి. నీటిలోని బరువైన ఆక్సిజన్ (ఆక్సిజన్-18), బరువైన హైడ్రోజన్ (డ్యుటీరియం) పరీక్షకు తీసే సీసా సంగతి దీనికి పూర్తిగా తలకిందులు: గొంతు దాకా, ఒక్క బుడగ లేకుండా నింపి మూత బిగించాలి. లోపల గాలి ఉంటే ఆవిరై విలువ మారుతుంది. రెండింటికీ ఒకే సీసా వాడితే రెండు పరీక్షలూ పోతాయి.

ల్యాబులో తరచు దొర్లే తప్పు యూనిట్ల దగ్గర. బ్యాక్టీరియాతో నైట్రేటును నైట్రస్ ఆక్సైడుగా మార్చి కొలిచే పద్ధతిలో ప్రతి నమూనా నుంచీ సరిసమానమైన నైట్రేటు, అంటే సుమారు 20 నానోమోల్స్ పంపాలి. అందుకు గాఢత ముందే తెలియాలి. అది నైట్రేటుగా రాసిందో, నత్రజనిగా రాసిందో చూసుకోకపోతే లెక్క 4.43 రెట్లు తప్పుతుంది. నమూనాలో నైట్రైటు (నైట్రేటుకు దగ్గరి మరో నత్రజని రూపం) ఉంటే అదీ లెక్కలో కలిసిపోతుంది. కాబట్టి వడకట్టిన వెంటనే సల్ఫామిక్ ఆమ్లంతో దాన్ని తొలగించి, ఆ తర్వాత ఆమ్లతను సరిచేయాలి. తాజా మురుగు కలిసే చోట నత్రజని ఎక్కువగా అమ్మోనియంగానే ఉంటుంది, నైట్రేటు పరీక్ష దాన్ని చూడనే చూడదు. అమ్మోనియాన్ని విడిగా పట్టి కొలిచే పని కూడా టెండరులో ఉండాలి.

ఇక అర్థం చెప్పడంలో జాగ్రత్త. నైట్రేటు తక్కువగా ఉన్న బోరులో నైట్రోజన్-15 విలువ ఎక్కువగా కనబడితే ఆ నీళ్లు శుభ్రమైనవని అనుకోకూడదు. ఒకప్పుడు ఉన్న నైట్రేటును ఆక్సిజన్ లేని చోట బ్యాక్టీరియా తినేసి ఉండొచ్చు. అది తేలికైనదాన్ని ముందు తింటుంది, కాబట్టి యూరియా నైట్రేటు కూడా మురుగులా పలుకుతుంది. నైట్రేటులోని ఆక్సిజన్-18ను కూడా కొలిస్తేనే గుట్టు తెలుస్తుంది. తినడం జరిగి ఉంటే రెండు విలువలూ కలిసే పెరుగుతాయి, ఆక్సిజన్ పెరుగుదల తరచు నైట్రోజన్ పెరుగుదలలో సగం దగ్గర ఉంటుంది. మురుగును పశువుల పెంట నుంచి విడదీయడం ఈ పరీక్ష వల్ల కాదు. కొట్టాలున్న పరీవాహకంలో బోరాన్ ఐసోటోపులు కూడా చూడాలి.

నీటి ఐసోటోపులతో తేలే ఇంకో సంగతి చెరువు ఎంత ఇంకుతోందన్నది. ఆవిరయ్యే చెరువు నీళ్లు బరువెక్కుతాయి. ఉదాహరణకు ఆక్సిజన్-18 విలువ చెరువులో ప్లస్ 2, దాని ప్రభావం లేని ఎగువ బోరు మైనస్ 3, కట్ట దిగువ బోరు మైనస్ 1 అయితే, దిగువ బోరులో 40 శాతం చెరువు నీళ్లే. ఆ బోరును ఇంటికి వాడుకునేవాళ్లకు ఈ ఒక్క అంకె చాలా ముఖ్యం.

నీటి నమూనా ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. చేప కండ నెలల సంగతి చెబుతుంది. వెన్ను రెక్క కింది తెల్ల కండను 60 డిగ్రీల్లో 48 గంటలు ఆరబెట్టి, పొడి చేసి, ఒక మిల్లీగ్రాము లోపు టిన్ను గుళికలో కట్టాలి. ఫార్మలిన్‌లో వేస్తే విలువలు మారతాయి. ఆహార గొలుసులో ఒక మెట్టు ఎక్కితే నైట్రోజన్-15 సగటున 3.4 పెరుగుతుంది, కాబట్టి వేరే వేరే చెరువుల్ని పోల్చాలంటే ఒకే జాతి, ఒకే పరిమాణం చేపలనే తీసుకోవాలి.

పుస్తకాల్లోని విలువల్ని తెచ్చి అతికించవద్దని కూడా నిబంధన పెట్టండి. మన నాలాలు, మన పొలాల్లో వాడే ఎరువు, మన వాన ఇక్కడే కొలవాలి. ప్రతి విడతలో యూఎస్‌జీఎస్-32, యూఎస్‌జీఎస్-34, యూఎస్‌జీఎస్-35 అనే, విలువ ముందే తెలిసిన ప్రమాణ నైట్రేట్లను కూడా కొలిచి, పదింట ఒక నమూనాను రెండుసార్లు కొలిచి, ఆ అంకెలన్నీ ప్రజల ముందు పెట్టించండి. ఈ విద్య తెలిసినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉన్నది ఉప్పల్ రోడ్డులోనే.

ముందుగా ఒక్క గొలుసుకట్టును తీసుకోండి. మే, ఆగస్టు, నవంబరు నెలల్లో ప్రతి చెరువు తూము, అలుగు, కలిసే నాలా, కట్ట దిగువ రెండు బోర్ల దగ్గర నమూనాలు తీయించండి. మే నెలలో మొదలవ్వాలంటే ఫిల్టర్లు, ఫ్రీజరు, శిక్షణ పొందిన మనుషులు ఏప్రిల్ లోపు సిద్ధంగా ఉండాలి.

ఇట్లు,
హైదరాబాద్‌లో నీటి ఐసోటోపుల మీద పనిచేసే కొందరం