తీరం దాటిందన్నారు, మేం తలుపు వేసుకుని పడుకున్నాం

రాష్ట్ర విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హనుమకొండలో బొందివాగు నాలాకు దగ్గరి కాలనీ నుంచి రాస్తున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. మా దగ్గర ఆ కాలాన్ని ఎవరూ లెక్కచేయరు. తుఫాను అంటే కాకినాడోళ్లది, మచిలీపట్నమోళ్లది అనే ధీమా మాది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ‘దాటింది’ అన్న మాట టీవీలో వినగానే మా వీధి మొత్తం ఇగ అయిపోయిందనుకున్నది. నేనూ అనుకున్నాను. ఫోనుకు హెచ్చరిక వస్తే చదివి పక్కన పెట్టాను. ఆ తప్పు నాదే. కానీ నేల మీదికొచ్చాక తగ్గేది గాలి ఒక్కటేనని, మోసుకొచ్చిన నీళ్లను తుఫాను ఎక్కడో ఒకచోట కుమ్మరించి తీరుతుందని మాకు అర్థమయ్యేటట్టు చెప్పినవాళ్లు లేరు. 29న అది మా మీదనే కుమ్మరించింది. మా జిల్లా భీమదేవరపల్లిలో ఒక్కరోజులో 41 సెంటీమీటర్ల వాన. 20 దాటితేనే వాతావరణ శాఖ ‘అత్యంత భారీ’ అంటుంది. వంద గజాల జాగ మీద లెక్కేస్తే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఏడు. సెంటీమీటర్లు చెప్పినప్పుడు పట్టించుకోని మా అమ్మ, ట్యాంకర్ల లెక్క విని “ఒక్క ఇంటి జాగల ఏడా బిడ్డా!” అన్నది.

ఆ రాత్రి నీళ్లు మా ఇంట్లోకి వాకిట్లోంచి రాలేదు. మోరీ ఎనక్కి తన్ని, బాత్రూం జాలీలోంచి బుడబుడమంటూ పైకొచ్చాయి. గల్మ అవతల బాట ఇంకా తేలే ఉన్నది. కరెంటు అప్పటికే పోయింది. పక్కింటి అవ్వను లేపితే “పోయినసారి మంచం కోళ్ల దాక వచ్చి ఆగినయ్, గిప్పుడు గూడ ఆగుతయ్” అని కదలనన్నది. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం ఎత్తుకుపోయాం. బీపీ, షుగర్ గోలీల కవరు గుండెకు హత్తుకుని కూర్చున్నది గానీ, చేరేసరికి గోలీలన్నీ నాని ముద్దైపోయాయి. తీరా పొమ్మన్న బడికి పోతే గేటుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలియదు. అవ్వను గోడవారన దించి, గంటకు పైగా వానలో నిలబడ్డాం.

మా ముందటర్రలో స్విచ్‌బోర్డు కింద గోడ మీద రెండు బొగ్గు గీతలున్నాయి. కిందిది 2023 జూలైది, పైది మొంథాది. రెండింటి మధ్య జానెడు ఎడం. 2023లో వచ్చింది తుఫాను కూడా కాదు, అల్పపీడనం వాన. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో అప్పుడు ఒక్కరోజే 64 సెంటీమీటర్లు దాటింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం ఇంటి కప్పులెక్కితే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. జంపన్నవాగు ములుగు జిల్లా కొండాయి ఊళ్లో మనుషులనే మింగింది. ఇంత చూసి కూడా అవ్వకు గుర్తున్నది నీళ్లు ఆగిన సంగతే. బతికి బయటపడ్డవాళ్లందరికీ అట్లనే అనిపిస్తుందేమో.

మంత్రి గారూ, జనం మాట వినరని అధికారులు అంటుంటారు. ఆ మాట ఎట్లా చెబుతున్నారో ఒకసారి చూడండి. “ఉమ్మడి వరంగల్ జిల్లాలో అక్కడక్కడ భారీ వర్షాలు.” ఆ ‘అక్కడక్కడ’లో మా ఇల్లు ఉన్నదని ఎవరమూ అనుకోం. పక్క మండలమే అనుకుంటాం. హెచ్చరికకు రంగులు చెబుతారు. ఎరుపు అంటే బియ్యం అటక మీద పెట్టాలా, బర్రెను విప్పి మెరక మీదికి తోలాలా, ఆరబోసిన వడ్లు ఎత్తాలా, అసలు ఇల్లే విడిచిపెట్టాలా? నాకైతే ఇప్పటికీ తెలియదు.

అందుకే అడుగుతున్నాను. పొద్దు గూకకముందే, ఫోన్లు ఇంకా పనిచేస్తుండగానే, నాలా వెంట ఆటోకు మైకు కట్టి చాటింపు వేయించండి. పల్లెల్లో డప్పు కొట్టించండి. అందులో వీధి పేరుండాలి, ఎన్ని గంటలకల్లా ఎక్కడికి పోవాలో ఉండాలి. మా ఇంటి గోడ మీదున్న గీతను ప్రతి కాలనీలో కరెంటు స్తంభాలకు రంగుతో గీయించండి. కొత్తగా కిరాయికి వచ్చినవాళ్లకు ఇక్కడిదాకా నీళ్లొస్తాయని ఆ గీతే చెబుతుంది. బడి తాళంచెవిని తుఫాన్ల కాలం మొదలవకముందే వీధిలో ఇద్దరి చేతికి ఇప్పించండి. నాలాలో పూడిక తీయడం, కబ్జాలు తొలగించడం ఏళ్ల నుంచి అడుగుతున్నదే, మళ్లీ అడుగుతున్నాను. కానీ తాళంచెవికి టెండరు అక్కర లేదు. వారం పని.

మా వంతు మేం మొదలుపెట్టాం. వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, మంచం దిగలేనివాళ్లు, నెలలు నిండిన ఆడపిల్లలు ఏ ఏ ఇళ్లలో ఉన్నారో ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. మొదటి పేరు మా పక్కింటి అవ్వదే. ఆ నోటుబుక్కు ఎవరి చేతికియ్యాలో చెప్పండి, తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
బొందివాగు ఒడ్డు కాలనీవాసి, హనుమకొండ