మా అమ్మాయి కుడిచేతిని గమనించిన ఆమెకు

మా అమ్మాయిని నిన్న సాయంత్రం ఇంటికి తీసుకువచ్చాము. 12 రోజులుగా సరైన నిద్ర లేనందువల్ల ఈ రాతలో తప్పులు దొర్లితే మన్నించాలి. ఆలస్యం చేస్తే చెప్పవలసినది చెప్పలేకపోతానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

తనకు 17 ఏళ్లు. పుట్టుకతోనే వినికిడి లేదు, మాట్లాడేది సంజ్ఞా భాష. కొన్ని నెలలుగా డిప్రెషన్‌తో తిండి, నిద్ర తగ్గిపోయి, చివరకు నీరసించి పడిపోతే ఆసుపత్రిలో చేర్చాము. నా భార్య, అన్నయ్య, వదిన పడిన శ్రమ గురించి వేరే చెప్పనవసరం లేదు. నేను చెప్పదలచుకున్నది రాత్రిపూట ఆ వార్డు తుడిచే ఒక మహిళ గురించి.

మొదటి రాత్రి సెలైన్ సూదిని కుడిచేతికి గుచ్చి, కదలకుండా పట్టీ వేశారు. చూసిన మాకెవరికీ అందులో తప్పేమీ కనబడలేదు. తుడుస్తూ వచ్చిన ఆమె మాత్రం ఆగి, "సార్, పాప మాట్లాడేది ఈ చేత్తోనే కదా?" అన్నది. నర్సును బతిమాలి సూదిని ఎడమ ముంజేతికి మార్పించి, తుడుపుకర్రను గోడకు ఆనించి, "నిద్ర పట్టడం లేదా?" అని సంజ్ఞలతో మా అమ్మాయిని అడిగింది. ఆమె తమ్ముడికీ వినికిడి లేదట. ఎన్నో వారాల తరువాత నా కూతురు చేతులు ఆగకుండా కదలడం చూసి, నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

అప్పటికే, గత రెండు వారాల పరిస్థితి తెలుసుకునే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని మా అమ్మాయి చేత నింపించారు. ప్రశ్నలను నాకు వచ్చిన అరకొర ఇంటి సైగలతో నేనే వివరించాను. తను అన్నింటికీ సున్నా, అంటే ఏ ఇబ్బందీ లేదని, పెట్టింది. మరునాడు, ప్రశ్నలను సంజ్ఞలతో వార్డు తుడిచే ఆమె వివరించడానికి డాక్టరు, మా అమ్మాయి ఇద్దరూ ఒప్పుకున్నాక, ఆమె డ్యూటీకి ముందే వచ్చి, "మీరు కాసేపు వరండాలో కూర్చోండి సార్, కన్నతండ్రి ఎదుట ఏ పిల్ల అయినా అన్నీ చెప్పుకోలేదు" అన్నది. ఆ రోజు అదే పత్రంలో 27కు 19 వచ్చింది. లోపల ఏం చెప్పుకున్నదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

సంజ్ఞా భాషలూ భాషలేనని 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం చెబుతోంది. శిక్షణ పొందిన సంజ్ఞాభాషా అనువాదకులను అందుబాటులో ఉంచాలని అందులోని 9వ అధికరణమే అంటోంది. మాకు అనువాదకుడు వచ్చింది తొమ్మిదవ రోజున. అంతవరకు, తన పని కాని పనిని, జీతం లేని పనిని, నేల తుడిచే మనిషి చేసింది. పైవాళ్లు మందలిస్తారేమో, పేరు రాయవద్దని ఆమే కోరింది. మెచ్చుకోవలసిన మనిషి భయపడవలసి రావడం నాకు మింగుడుపడడం లేదు. మానసిక సమస్యల్లో దాదాపు మూడో వంతు 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ వయసులో మా పిల్లకు ఏదైనా బాధ ఉంటే ఏ భాషలో, ఎవరికి చెప్పుకోగలిగేది? తన భాషను పూర్తిగా నేర్చుకోని తప్పు మాత్రం నాదే, దానికి ఏ వ్యవస్థనూ అనలేను.

మందు ప్రభావం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఎదురుచూస్తున్నాము.

రాయడం మరిచాను: విసుక్కోకుండా సూది మార్చిన నర్సుగారికి, ఆలస్యంగా వచ్చినా ఓపికగా పనిచేసిన అనువాదకుడికి, రోజూ వీడియో కాల్‌లో సంజ్ఞలతో కబుర్లు చెప్పిన మా అమ్మాయి స్నేహితురాలికి కృతజ్ఞతలు. ఇంకొకరు కూడా ఉన్నారు. లైటు ఆర్పితే మా అమ్మాయికి ఎదుటివారి చేతులు కనబడవని తెలిసి, అన్ని రాత్రులూ కళ్లమీద తువ్వాలు కప్పుకుని పడుకున్న పక్కమంచం పెద్దావిడ. మేము బయలుదేరేటప్పుడు ఆవిడ నిద్రలో ఉన్నారు, లేపలేకపోయాను.