ఒరేయ్ గంటలయ్యా!

ఒరేయ్ గంటలయ్యా,

తిట్టుకో, ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. కారణాలు చెప్పినా నువ్వు నమ్మవు. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగం నడుస్తోంది, అమ్మ మోకాళ్లకి ఆపరేషన్ అక్కర్లేదన్నారు, నా వంట ఇంకా పప్పుచారు దగ్గరే ఉంది. వార్తలు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి విను.

ఇవాళ మాడ్రిడ్ నుంచి కొర్దోబా వచ్చాను, ఇదీ స్పెయిన్లోనే. స్టేషన్లో కూర్చుని రాస్తున్నా, తిరుగు రైలుకి ఇంకా టైముంది.

ఇక్కడొక పెద్ద మసీదు ఉంది. కాదు, చర్చి. రెండూ అదే! 785 ప్రాంతంలో అప్పటి ముస్లిం పాలకుడు మొదటి అబ్దుర్ రహమాన్ మసీదు మొదలుపెడితే తర్వాతివాళ్లు రెండొందల ఏళ్లు పెంచుకుంటూ పోయారు. లోపల 850 పైచిలుకు స్తంభాలు. పాత రోమన్ కట్టడాల్లోంచి ఏరి తెచ్చినవి చాలా ఉన్నాయి, ఒకదాని రంగు ఇంకోదానికి లేదు. పొట్టిగా ఉన్నాయని ఆర్చి మీద ఆర్చి కట్టి కప్పు లేపారు. ఒక పట్టీ ఎర్ర ఇటుక, ఒక పట్టీ తెల్ల రాయి. వాటి నడుమ, పెళ్లిపందిట్లో మేడ కట్టినట్టు, 1523లో మొదలెట్టిన కేథడ్రల్. ఊరి పెద్దలు వద్దు మొర్రో అన్నా ఆగలేదు.

సరే, అది కాదు నేను చెప్పాలనుకున్నది. గంటలు!

అల్ మన్సూర్ అని ఒకాయన, పేరుకి ఇక్కడి ముస్లిం పాలకుడి మంత్రి, పెత్తనమంతా ఆయనదే. 997లో దేశానికి ఆ మూలనున్న సాంతియాగో మీద పడ్డాడు. చర్చి గంటలు ఊడబీకి, క్రైస్తవ బందీల భుజాల మీద ఇక్కడిదాకా మోయించాడు. మసీదులో వాటిని దీపాలుగా వాడారట. 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్డినాండ్ ఈ ఊరు పట్టుకున్నాడు. ఏం చేశాడో చెప్పు? అవే గంటలు, ఈసారి ముస్లిం బందీల భుజాల మీద, మళ్లీ సాంతియాగోకి! 239 ఏళ్ల తర్వాత!

అది తెలియగానే ఫక్కున నవ్వేశాను. పక్కన ఒక ముసలావిడ ఉరిమి చూసింది. ఏం చెప్పను? తొమ్మిదో తరగతిలో మావాడు బడి గంట చింతతోపుదాకా మోశాడనీ, పొద్దున్నే హెడ్మాస్టారు వాడి చేతే తిరిగి మోయించారనీ చెప్పేంత స్పానిష్ నాకెక్కడిది? ఐడియా నాదని మాస్టారికి ఇప్పటికీ తెలీదు. నువ్వు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదురా...

తర్వాత నవ్వు రాలేదు. మోయించినవాళ్లిద్దరి పేర్లూ రాసి ఉన్నాయి. అన్ని కొండలూ దాటి మోసినవాళ్లలో ఒక్కడి పేరూ లేదు. నీ భుజం మీద తాడు ఒరుసుకున్న మచ్చ ఇంకా ఉందా?

రోమన్ తత్వవేత్త సెనెకా పుట్టింది ఈ ఊళ్లోనే. ముస్లిం తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ కూడా. నది మీద రోమన్ వంతెన ఉంది, దాని సంగతి అయితే... అదుగో, రైలొచ్చేసింది. మిగతాది

నీ మంత్రి